‘మా అమ్మాయి సిగ్గరి’ అని చెప్పేశారు

తన పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ 27 ఏళ్ల పాఠకురాలొకరు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఆమె గోదావరి జిల్లాల్లో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు. నాలుగో ఏట నుంచి ఆమెకు నత్తి ఉంది. డీఎస్సీలో ఇంటర్వ్యూ ఉండదు కనుక రాతపరీక్ష మార్కులతోనే ఉద్యోగం వచ్చింది. “నోరు విప్పకుండా సంపాదించుకున్న ఉద్యోగమండీ, తీరా చూస్తే నోరు విప్పితే తప్ప చేయలేని ఉద్యోగం” అని రాశారు. పిల్లలతో గొంతు కలిపి వేమన పద్యాలు చదివించేటప్పుడు ఆమెకు ఒక్క అక్షరం కూడా అడ్డుపడదు. హాజరు పిలిచేటప్పుడు మాత్రం ‘ప’తోనో ‘క’తోనో మొదలయ్యే పేరు రాగానే గొంతు పట్టేస్తుంది. పిల్లలు మొదటి వారం నవ్వారట, తరువాత అలవాటుపడి మానేశారట. ఇబ్బందంతా పెద్దవాళ్లతోనే వచ్చింది.

కిందటి నెలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒకటో తరగతి పిల్లవాడి తండ్రి లేచి, “మావాడు ఇంట్లో ‘నా నా నా నాన్నా’ అంటున్నాడు, ఇది ఈ టీచరమ్మ దగ్గర అంటుకున్నదే, వేరే టీచరును వేయండి” అన్నారు. హెడ్మాస్టరు గారు మంచి మనిషేనని ఆమే రాశారు. ఆయన మరునాడు ఆమెను పిలిచి, ఒకటో తరగతి కొన్నాళ్లు తోటి టీచరుకు అప్పగించి, మధ్యాహ్న భోజనం లెక్కలూ ఆన్‌లైన్ పనులూ చూసుకోమన్నారు. ఆ తోటి టీచరు కూడా ప్రేమగానే ఉంటారు, కానీ ఈమె మాట ఆగిన ప్రతిసారీ తానే అందుకుని పూర్తి చేస్తారు.

ఇక ఇంట్లో, చిన్నప్పుడు వస కొమ్ము అరగదీసి నాకించారు, ఏడో ఏట నాలుక కింద నరం కోయించారు, ఎవరో చెబితే గులకరాళ్లు నోట్లో పెట్టి చదివించారు. ఇప్పుడు పెళ్లి సంబంధం వచ్చింది. పెళ్లిచూపుల్లో మేనమామ ఆమె పక్కనే కూర్చుని, అడిగినవాటికన్నింటికీ తానే జవాబు చెప్పి, “మా అమ్మాయి సిగ్గరి, మాట తక్కువ” అన్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆ అబ్బాయికి ఆమె నచ్చింది. రెండు వారాలుగా వాట్సాప్‌లో బాగానే మాట్లాడుకుంటున్నారు. ఫోన్ చేస్తానని అతను అడిగిన మూడుసార్లూ జలుబనీ, సిగ్నల్ లేదనీ, పేపర్లు దిద్దుతున్నాననీ తప్పించుకున్నారు. వచ్చే ఆదివారం మాట్లాడదామని ఇప్పుడు నాలుగోసారి అడిగాడు. “నాతో పోట్లాడేటప్పుడు రాని నత్తి అతనితో మాత్రం ఎందుకు వస్తుంది, అంతా నీ భయమే, మూడు ముళ్లు పడ్డాక నెమ్మదిగా చెప్పుకోవచ్చు” అంటున్నారు అమ్మ. తన వల్ల పిల్లలకు నిజంగా నత్తి వస్తుందా, బడిలో ఏం చేయాలి, ఆ అబ్బాయికి చెప్పాలా వద్దా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీరు పెళ్లి ప్రశ్నను ముందు పెట్టి, పిల్లల ప్రశ్నను ఉత్తరం చివర రెండు వాక్యాల్లో అడిగారు. అయినా ఆ రెండు వాక్యాల దగ్గర మీ చేతిరాత మారిపోయింది. అందుకని ముందు దానికే జవాబు చెబుతాను. మీ దగ్గర చదువుకున్నందువల్ల ఏ పిల్లవాడికీ నత్తి రాదు. నత్తి జలుబులా అంటుకునేది కాదు, చూసి నేర్చుకునే అలవాటూ కాదు. మాటకు కావలసిన కదలికలను వరుసగా, సమయానికి అందించే మెదడు భాగాల పనితీరులో ఉండే తేడా వల్ల అది వస్తుంది, కుటుంబాల్లో వారసత్వంగానూ కనిపిస్తుంది. పాకిస్తాన్‌లో నత్తి ఎక్కువగా ఉన్న కొన్ని కుటుంబాలతో మొదలుపెట్టి అమెరికా పరిశోధకులు సాగించిన అధ్యయనం 2010లో వెలువడింది, అందులో నత్తి ఉన్న కొందరిలో మూడు జన్యువుల మార్పులు బయటపడ్డాయి. అందరి నత్తికీ ఆ మూడే కారణమని కాదు గాని, అది పెంపకంలో లోపమో, సావాసదోషమో, పిరికితనమో కాదని చెప్పడానికి అంతకంటే గట్టి ఆధారం అక్కరలేదు. పిల్లలు ఆటగా మిమ్మల్ని అనుకరించవచ్చు, అది వేరే సంగతి. అనుకరణ అనుకున్నప్పుడు ఆగిపోతుంది, నత్తి ఆగదు.

మరి ఆ తండ్రి తన కొడుకు నోట విన్నది అబద్ధమా అంటే, అదీ కాదు. నూటికి దాదాపు ఐదుగురు పిల్లలు ఏదో ఒక దశలో నత్తిగా మాట్లాడతారు. ఎక్కువమందిలో ఇది రెండేళ్లకూ ఐదేళ్లకూ మధ్య, మాటలు ఒక్కసారిగా పెరిగే కాలంలో మొదలవుతుంది. వాళ్లలో అధికశాతం మందికి పెద్దయ్యేలోగా దానంతటదే పోతుంది, పెద్దవాళ్లలో సుమారు నూటికి ఒక్కరికి మిగులుతుంది. కాబట్టి ఆ పిల్లవాడు ‘నా నా నా’ అనడం మీ తరగతిలో చేరకముందే మొదలై ఉండవచ్చు, ఇంట్లో తాతకో మేనత్తకో నత్తి ఉండి ఉండవచ్చు. ఈ రెండు విషయాలూ ఆ తండ్రిని అడగగలిగినవాళ్లు మీ బడిలో మీరొక్కరే. ఆయన కోపంగా మాట్లాడారు, నిజమే. కానీ ఆ కోపం వెనక కొడుకు గురించిన భయం ఉంది, దానికి సరైన సమాధానం ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆయనకు తప్పక చెప్పవలసిన మాట ఇంకొకటుంది. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక అనాథాశ్రమంలోని 22 మంది పిల్లల మీద ప్రయోగం చేశారు. మామూలుగా మాట్లాడే కొందరు పిల్లలకు “నీ మాట బాగాలేదు, నత్తి వస్తోంది, సరిగ్గా చెప్పలేకపోతే అసలు మాట్లాడకు” అని పదేపదే చెప్పారు. ఆ పిల్లలకు నత్తి రాలేదు గాని, మాట్లాడటమే తగ్గించేశారు. క్లాసులో జవాబు తెలిసినా చెప్పడం మానేశారు. ఆ ప్రయోగానికి విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. నత్తి ఉన్న టీచరు మాట వింటే పిల్లవాడికి చెరుపు జరగదు. ఇంట్లో “మళ్లీ చెప్పు, సరిగ్గా చెప్పు, ఆ టీచరులా అనకు” అని మాటమాటకూ ఆపితే జరుగుతుంది. ఆ తండ్రి ఇప్పుడు ప్రేమకొద్దీ చేస్తున్నది బహుశా అదే.

ఇక, మనుషులు నత్తి ఉన్నవాళ్లను ‘పిరికి’, ‘సిగ్గరి’, ‘కంగారు మనిషి’ అని ఎందుకు అనుకుంటారో చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలోని హెడ్మాస్టరు గారూ మేనమామా అమ్మా అందరూ ఆ ఒక్క అభిప్రాయం చుట్టూనే తిరుగుతున్నారు. దీనికి 1984లో ఇద్దరు పరిశోధకులు చెప్పిన కారణం నాకు చాలా సబబుగా తోస్తుంది. నత్తి లేనివాళ్లకు కూడా అప్పుడప్పుడు మాట తడబడుతుంది. ఎప్పుడంటే, భయపడ్డప్పుడో, నలుగురిలో నిలబడ్డప్పుడో, దొరికిపోయి అబద్ధం చెప్పవలసి వచ్చినప్పుడో. మీ మాట ఆగడం చూసిన మనిషి తన అనుభవాన్ని తెచ్చి మీకు తగిలిస్తాడు. తనకు మాట తడబడింది భయం వల్ల కనుక మీదీ భయమే అనుకుంటాడు. తన తడబాటు క్షణంలో పోతుంది, మీది రోజంతా ఉంటుంది కనుక మీరు స్వభావంచేతనే పిరికివారని తేల్చేస్తాడు. అమెరికాలో పుట్టి ఎన్నో దేశాల్లో, ఎన్నో భాషల్లో జరిగిన ప్రజాభిప్రాయ సర్వేలలోనూ ఇదే పొరపాటు మళ్లీ మళ్లీ కనిపించింది. చదువుకున్నవాళ్లు దీనికి మినహాయింపు కారు, ఉపాధ్యాయులు కూడా కారు.

మన దగ్గర దీనికి ఇంకొన్ని తోడయ్యాయి. గలగలా మాట్లాడే పిల్లను ‘వసపిట్ట’ అంటాం, ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా’ అని మురిసిపోతాం, కాబట్టి మాట రానిది పోయకపోవడం వల్లనేనని ఎవరో ఒకరు తల్లిని అనకుండా ఉండరు. మీ అమ్మగారు అరగదీసిన వస కొమ్ము వెనక ఆ మాటలు పడ్డ బాధ ఉందని నాకు అనిపించింది. నాలుక కింద నరం కోయించడం కూడా మన ఊళ్లలోనే పుట్టిన పిచ్చి కాదు. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన సర్జన్ నత్తి పోగొట్టడానికి నాలుక మొదట్లో ఒక ముక్కనే కోసి తీసేవాడు. నత్తి నాలుకలో లేదు కనుక అది పోలేదు. సినిమాల్లోనైతే నత్తి పాత్ర వచ్చిందంటే నవ్వించడానికేనని మనకు చిన్నప్పటి నుంచి అలవాటు చేశారు. మీ మీద నవ్వే మనిషి చాలావరకు మిమ్మల్ని చూసి నవ్వడం లేదు, ఎక్కడో నేర్చుకున్న నవ్వును మీ దగ్గర బయటపెడుతున్నాడు. అది మీకు నొప్పి తగ్గించదు, తెలుసు. అయినా ఆ నవ్వు మీ విలువకు కొలత కాదని తెలిసి ఉండటం మంచిది.

“నాతో పోట్లాడేటప్పుడు రాదు కదా” అన్న అమ్మ మాటకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను, ఎందుకంటే మీరు కూడా లోలోపల దాన్ని నమ్ముతున్నారు. నత్తి స్వభావమే అంత, ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. పాడేటప్పుడు దాదాపు ఉండదు. పదిమందితో గొంతు కలిపి చదివేటప్పుడు ఉండదు, మీ వేమన పద్యాల సంగతి అదే. నిజంగా ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు పెద్దవాళ్లలో కూడా నత్తి దాదాపు మాయమవుతుందని 2021లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ఒకచోట రాలేదు కనుక మరోచోట రావడం నటనో, భయమో, పట్టుదల లేకపోవడమో అనుకోకండి. వింటున్న మనిషి ఉన్నప్పుడు ఒత్తిడి దాన్ని పెంచుతుంది, నిజమే. కానీ ఒత్తిడి దాన్ని పుట్టించలేదు.

మా చిన్నాన్నకు నత్తి ఉండేది. ఆయన బందరులో పనిచేస్తూ వారానికొకసారి కంకిపాడులో ఉన్న మా ఇంటికి బస్సులో వచ్చేవాడు. ఒకసారి చిన్నపిల్లనైన నన్ను వెంటబెట్టుకుని వస్తూ, కండక్టరు రాగానే “బెజవాడ ఒకటిన్నర” అని డబ్బులిచ్చాడు. కంకిపాడులో దిగిపోయాం. ‘బెజవాడ దాకా కొన్నారు కదా, ఇక్కడ దిగుతున్నారేం’ అని కండక్టరు అడిగితే, ఆయన నవ్వి చెయ్యి ఊపాడు. ‘కం’ అనే అక్షరం ఆయనకు రాదు, ‘బె’ వస్తుంది. అంతే. ఎన్నో ఏళ్లపాటు ఆయన ప్రతివారం ఒక అక్షరానికి అదనంగా బస్సు చార్జీ కట్టాడని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. హోటల్లో ఇష్టమైన కాఫీ మానేసి టీ అడిగేవాడని, ఫోన్ మోగితే స్నానాల గదిలోకి వెళ్లేవాడని పిన్ని తరువాత చెప్పింది. ఆయన నత్తి కంటే దాన్ని దాచడానికి పడ్డ పాటు పెద్దది. మీరు ఆ అబ్బాయికి చెప్పిన జలుబు, సిగ్నల్, పేపర్లు చదివినప్పుడు నాకు చిన్నాన్న చేతిలోని ఆ టికెట్టు ముక్క గుర్తొచ్చింది.

ఇప్పుడు పెళ్లి విషయం. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ వెల ఉంది.

అమ్మ చెప్పినట్టు మూడు ముళ్లు పడేదాకా ఊరుకోవడం ఒకటి. దీనివల్ల ఆదివారం గండం గడుస్తుంది, సంబంధం నిలుస్తుంది. కానీ ముహూర్తం దాకా ఎన్ని ఆదివారాలు వస్తాయో లెక్కవేయండి. నిశ్చితార్థం రోజు ఆడపడుచులు మిమ్మల్ని చుట్టుముట్టి మాట్లాడిస్తారు, ఆ రోజు మేనమామ పక్కన ఉండలేరు. తరువాత తెలిసినప్పుడు అతని మనసులో మిగిలేది ‘ఈమెకు నత్తి’ అన్నది కాకుండా ‘వీళ్లు దాచారు’ అన్నది అవుతుంది. నత్తిని అర్థం చేసుకోగల మనిషి కూడా దాచిపెట్టడాన్ని క్షమించలేకపోవచ్చు. పైగా ఆ ఇంట్లో మీరు మొదటి రోజు నుంచి ‘సిగ్గరి’ వేషం వేయాలి. ఆ వేషం మీ మేనమామ ఒక్క పూట కోసం కుట్టించారు, తొడుక్కుని తిరగవలసింది మీరు.

రెండోది, పెద్దవాళ్ల ద్వారా, మధ్యవర్తి ద్వారా కబురు చేయడం. చాలా ఇళ్లలో ఇదే మర్యాద అనుకుంటారు, మీకూ మాట్లాడే బాధ తప్పుతుంది. అయితే మీకు నత్తి ఉందన్న సంగతి నాలుగు నోళ్లు దాటి వెళ్లేసరికి ‘అమ్మాయికి చిన్న లోపం ఉందట’ అవుతుంది, అవతలి పెద్దలు దాన్ని బేరానికి వాడుకునే ప్రమాదం ఉంది. కట్నం తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరమే, అయినా ‘లోపం’ అన్న మాట ఎక్కడ వినబడితే అక్కడ అంకె పెరగడం మనం చూస్తూనే ఉన్నాం. ఈ దారిలో వెళ్లదలచుకుంటే మేనమామను కాకుండా మీ నాన్నగారిని పంపండి, ఆయన చెప్పవలసిన మాటలు మీరే కాగితం మీద రాసివ్వండి, ‘లోపం’, ‘కొంచెం’, ‘తగ్గిపోతుంది’ అనే మాటలు అందులో లేకుండా చూడండి.

మూడోది, మీరే అతనికి చెప్పడం. నా మనసు దీనివైపే మొగ్గుతుంది, దాచకుండా చెబుతున్నాను. అయినా దీని వెల తక్కువేమీ కాదు, అతను వెనక్కి తగ్గవచ్చు. అలా జరిగితే అమ్మ మిమ్మల్ని ‘నీ చేతులారా చెడగొట్టుకున్నావు’ అని కొన్నాళ్లు అంటారు, ఆ మాటను భరించగలనా అని ముందే మిమ్మల్ని మీరు అడగండి. అతను వెళ్లిపోతే మీకు బాధ కలుగుతుంది, కానీ ఈ నెలలో కలుగుతుంది, పెళ్లయిన ఆరు నెలలకు కాదు.

చెప్పే పద్ధతి గురించి ఒక మాట. నత్తి ఉన్నవాళ్లకు ఫోన్ అన్నిటికంటే కష్టం, ఎందుకంటే మాట ఆగినప్పుడు అవతలివాళ్లకు మీ ముఖం కనబడదు, నిశ్శబ్దం మాత్రమే వినబడుతుంది, వెంటనే ‘హలో, హలో, వినబడుతోందా’ అంటారు. అందుకని ముందు వాట్సాప్‌లో రాసి, తరువాత ఫోన్‌లో మాట్లాడండి, వీలైతే వీడియో కాల్ చేయండి. రాసేది పొడుగ్గా ఉండనక్కరలేదు. “ఆదివారం మాట్లాడదాం. నాకు చిన్నప్పటి నుంచి నత్తి ఉంది. ఆ రోజు మామయ్య నేను సిగ్గరినని చెప్పారు, అది నిజం కాదు. ఫోన్‌లో కొన్ని మాటల దగ్గర ఆగుతాను, అప్పుడు లైను కట్ అయిందనుకోకండి, నేను అక్కడే ఉంటాను” అంటే చాలు. ఇందులో క్షమాపణ లేదన్నది గమనించండి. నత్తి ఉన్నవాళ్లు ముందే ఆ సంగతి చెబితే వినేవాళ్లు వాళ్లను ఎలా చూస్తారని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేశారు. చెప్పనివాళ్ల కంటే చెప్పినవాళ్లను వినేవాళ్లు మరింత స్నేహంగా, ధైర్యస్తులుగా భావించారు. అయితే, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పినప్పుడే ఆ మేలు కనబడింది, ‘నన్ను క్షమించండి’ అంటూ చెప్పినప్పుడు అంతగా లేదు. మీరు ఏమీ చెప్పకుండా మౌనంగా ఉంటే, ఆ ఖాళీని ఎదుటివాళ్లు తమకు తోచిన కథతో నింపుకుంటారు. ముందే చెబితే ఆ కథ మీ చేతిలో ఉంటుంది.

పుట్టబోయే పిల్లలకు నత్తి వస్తుందా అని అతనో, అతని తల్లో అడగవచ్చు. ‘రాదు’ అని ఒట్టు వేయకండి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువే, కానీ తప్పనిసరి కాదు. వచ్చినా ఎక్కువమందిలో చిన్నతనంలోనే పోతుంది, ఆడపిల్లల్లో పోయే అవకాశం మరీ ఎక్కువ. పెద్దవాళ్లలో నత్తి ఉన్న మగవాళ్లు ఆడవాళ్ల కంటే సుమారు నాలుగు రెట్లు కనబడటానికి అదీ ఒక కారణం. ఆదివారం మీరు మాట్లాడుతున్నప్పుడు అతనేం అంటాడన్న దానికంటే, మీ మాట ఆగినప్పుడు అతనేం చేస్తాడన్నది గమనించండి. తొందరపడి మీ వాక్యం పూర్తి చేస్తే అది తెలియనితనం, ‘అలా చేయకండి’ అని చెబితే మానవచ్చు. విసుగు, వెటకారం వేరే సంగతి. ఈ పెళ్లిచూపుల్లో చూసుకునే హక్కు మీకూ ఉంది.

బడి విషయంలో హెడ్మాస్టరు గారు ఇచ్చిన లెక్కల పనిని అలాగే ఉంచుకోవడం అన్నిటికంటే తేలిక. ఏ గొడవా ఉండదు. కానీ ‘కొన్నాళ్లు’ అన్నది ఎవరూ అడగకపోతే ఏళ్లు అవుతుంది, ఆ తండ్రి అన్న మాట నిజమేనని బడి మొత్తం ఒప్పుకున్నట్టూ అవుతుంది. బదిలీ పెట్టుకోవడం గురించి కూడా రాశారు. పెట్టుకోవచ్చు, కొత్త ఊళ్లో మళ్లీ హాజరుపట్టీ ఉంటుంది, అందులో ‘ప’తో మొదలయ్యే పేరు ఒకటి ఉంటుంది. బదిలీ వేరే కారణాలకు మంచిదైతే తీసుకోండి, దీనికోసం మాత్రం తీసుకోకండి.

హెడ్మాస్టరు గారితో ఒంటరిగా మాట్లాడి, ఒకటో తరగతిని తిరిగి ఇవ్వమని గడువు పెట్టి అడగడం ఇంకొక దారి. ఆయన మంచివారే అంటున్నారు కనుక, పైన పిల్లల గురించి రాసిన భాగాన్ని ఆయనకు చదవమని ఇవ్వండి. ఆయనకు కావలసింది రేపు ఆ తండ్రి మళ్లీ వస్తే చెప్పడానికి ఒక సమాధానం. అది దొరికితే ఆయన మీ పక్షాన నిలబడవచ్చు. నిలబడకపోతే ఆ సంగతీ మీకు తెలుస్తుంది, అప్పుడు అదే అభ్యర్థనను కాగితం మీద రాసివ్వవచ్చు, అవసరమైతే మండల విద్యాశాఖాధికారి దాకా వెళ్లవచ్చు. అలా వెళ్తే బడిలో కొంత ముభావం తప్పదు. చిన్న బడి, నలుగురు టీచర్లు, రోజూ కలిసి అన్నం తినవలసినవాళ్లు, కనుక ఆ మెట్టు చివరికి ఉంచుకోండి.

తరువాతి తల్లిదండ్రుల సమావేశంలో మీరే లేచి రెండు నిమిషాలు మాట్లాడే దారి కూడా ఉంది. “నాకు నత్తి ఉంది, అది అంటుకోదు, నేను ఆగినప్పుడు కాస్త ఆగండి, మాట నేనే పూర్తి చేస్తాను, మీ పిల్లల్లో ఎవరికైనా ఉంటే నన్ను అడగండి” అంటే సరిపోతుంది. ఆ రెండు నిమిషాల్లో మాట పట్టేస్తుంది. పట్టేయనివ్వండి, వాళ్లు చూడవలసింది కూడా అదే. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఎవరో ఒకరు నవ్వవచ్చు, ఆ నవ్వు మీకు వారం రోజులు నిద్ర లేకుండా చేయవచ్చు. అందుకని అందరి ముందూ మాట్లాడటానికి ముందు ఆ తండ్రితో ఒక్కడితో మాట్లాడటం మేలని నాకు తోస్తుంది. ఆయన ‘మీ వల్లనే’ అన్న మాట నుంచి కదిలితే మిగిలినవాళ్లు తేలిక. తరగతిలో పిల్లలకు ఇప్పటికే తెలుసు, వాళ్లకు పెద్ద ఉపన్యాసం అక్కరలేదు.

తోటి టీచరుకు చెప్పడం వీటన్నిటికంటే తేలిక, కనుక అక్కడే మొదలుపెట్టవచ్చు. ‘మీరు సాయం చేద్దామనే అందిస్తున్నారు, కానీ మీరు అందించిన మాట ఒక్కోసారి నేను అనబోయిన మాట కాదు. నా వైపు చూస్తూ ఊరికే ఉండండి, అదే సాయం’ అనండి. ‘నెమ్మదిగా మాట్లాడు’, ‘గాలి పీల్చుకో’ అని చెప్పేవాళ్లకూ ఇదే జవాబు.

చికిత్స గురించి మీరు అడగలేదు, బహుశా చిన్నప్పటి అనుభవాల వల్ల. నత్తిని పూర్తిగా పోగొట్టే మందు గాని, ఆపరేషన్ గాని లేదు, ‘పది రోజుల్లో గ్యారంటీ’ అనే ప్రకటనలకు డబ్బు కట్టకండి. అయితే స్పీచ్ థెరపీ వల్ల పట్టేసినప్పుడు పెనుగులాట తగ్గించుకోవడం, భయపడే మాటలను తప్పించుకోకుండా అనడం నేర్చుకోవచ్చు. భారత పునరావాస మండలిలో నమోదైన థెరపిస్టుల దగ్గరికే వెళ్లండి. మాట, వినికిడి సమస్యల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది, 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మైసూరులో ఉంది. నత్తి ఉన్నవాళ్లే ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ 2008 నుంచి పనిచేస్తోంది. మీ ఉత్తరంలో ఎక్కడా నత్తి ఉన్న ఇంకొక మనిషి కనబడలేదు. 27 ఏళ్లలో అలాంటి మరొకరితో మీరు తీరిగ్గా మాట్లాడి ఉండరని నా అనుమానం. ముందు ఆ పరిచయం కలగాలని నా కోరిక. బ్రిటన్ రాజు ఆరో జార్జికీ నత్తి ఉండేదని చెప్పి మిమ్మల్ని ఓదార్చడం నాకు ఇష్టం లేదు. మాట వినిపించుకోవడానికి రాజు కానక్కరలేదు.

చివరగా అమ్మ గురించి. ఆవిడ మిమ్మల్ని దాచడం లేదు, మీకు తగలబోయే దెబ్బను దాచాలని చూస్తున్నారు. వసా, నరమూ, గులకరాళ్లూ అన్నీ ఆవిడ వేసిన మొక్కుల వంటివే. అందుకని అతనికి సందేశం పంపిన తరువాత అమ్మకు తెలియడం కంటే, శనివారం సాయంత్రమే ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, పంపబోయేది చదివి వినిపించండి. అనుమతి అడగడం వేరు, ముందుగా చెప్పడం వేరు, మీరు రెండోది చేయండి. ఆవిడ ఏడవవచ్చు, మేనమామకు ఫోన్ చేయవచ్చు. ఆ రాత్రికి సందేశం పంపలేకపోతే ఆదివారం ఫోన్‌ను ఇంకొక వారం వాయిదా వేసుకోండి, దానికి మాత్రం ఈసారి జలుబు అని చెప్పకుండా, ‘మాట్లాడే ముందు మీకొక సంగతి చెప్పాలి, రాస్తాను’ అని చెప్పండి. ఒకటో తరగతి పిల్లవాడి సంగతి అంతకాలం ఆగనక్కరలేదు. సోమవారం ఆ తండ్రి బడి గేటు దగ్గర దింపేటప్పుడు, ఎన్ని నెలల నుంచి అలా మాట్లాడుతున్నాడో కనుక్కోండి. ఆరు నెలలు దాటినా, మాట కోసం ముఖం బిగించి పెనుగులాడుతున్నా స్పీచ్ థెరపిస్టుకు ఒకసారి చూపించడం మంచిదని చెప్పండి.